సీక్వెల్‌ని నిలబెట్టిన విలన్ అంటే జోకర్ ఒక్కడేనా? నా ఓటు డాక్టర్ ఆక్టోపస్‌కి

రెండో_ఆట
సూపర్‌హీరో సినిమాల్లో "మొదటిదాని కన్నా రెండోది బాగుంది, కారణం విలన్" అన్న మాట రాగానే అందరూ బ్యాట్‌మాన్ సినిమా 'ది డార్క్ నైట్' దగ్గరే ఆగిపోతారు. అందులో జోకర్‌గా హీత్ లెడ్జర్ గొప్పగా చేశాడు, కాదనను. కానీ దానికి నాలుగేళ్ల ముందే, 2004లో, శామ్ రైమీ 'స్పైడర్‌మాన్ 2' తీశాడు. అందులో ఆల్‌ఫ్రెడ్ మోలినా వేసిన డాక్టర్ ఆక్టోపస్ (ఫ్యూజన్ ప్రయోగం వికటించి, నాలుగు లోహపు చేతులు ఒంటికి అతుక్కుపోయిన శాస్త్రవేత్త) గురించి ఎవరూ మాట్లాడరేం? నిన్న పిల్లలతో మళ్లీ చూశా. వాళ్లు ఫైట్లు చూశారు, నేను ఆయన మొహం చూస్తూ కూర్చున్నా.

ఆయన్ని తీసేసి ఈ సినిమాని ఊహించుకోండి. పిజ్జా లేటుగా ఇచ్చి ఉద్యోగం పోగొట్టుకునే కుర్రాడు, అద్దె కట్టలేని గది, ప్రేమించిన అమ్మాయికి వేరొకరితో పెళ్లి. బాగానే ఉంటుంది గానీ టీవీ సీరియల్‌లా సాగిపోతుంది. దాన్ని పెద్ద సినిమా చేసింది మోలినాయే అని నా వాదన. ఒప్పుకోనివాళ్లు రండి. జోకర్ పేరెత్తితే మాత్రం అందరికీ టీ చెప్పాలి.

నల్లకోటు
జోకర్. నాది అల్లం టీ.

పులిహోర_ప్రియ
మొదటి రిప్లైకే జరిమానా పడింది. ఈ థ్రెడ్ సాగుతుంది.

మూడో_వరుస
రెండో_ఆట చెప్పింది నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటా. మొదటి భాగం (2002)తో పోల్చి చూడండి. విలెమ్ డఫో అంత గొప్ప నటుడు. ఆయన మొహం ఎలాంటిదో తెలుసు కదా, ముసుగు లేకుండానే భయపెడుతుంది. అలాంటి మనిషికి కదలని ఆకుపచ్చ హెల్మెట్ తగిలించారు. హీరోకీ ముసుగు, విలన్‌కీ ముసుగు. మేడ మీద ఇద్దరూ మాట్లాడుకుంటుంటే ఎవరి పెదవులూ కదలవు! డఫో అద్దం ముందు తనతో తనే మాట్లాడుకునే సీన్ అందరికీ గుర్తుండిపోయిందంటే అందులో ముసుగు లేకపోవడమే కారణం.

రెండో భాగంలో ఆ పొరపాటు చెయ్యలేదు. మోలినాకి నల్లకళ్లద్దాలు, పొడుగు కోటు, టోపీ, అంతే. మొహమంతా తెరిచే ఉంటుంది.

ఇంటర్వెల్_బ్యాంగ్
నేను ఒప్పుకోను. మోలినా బాగా చేశాడు, కానీ సినిమాని లేపింది రైమీ. సాక్ష్యం కావాలా? ఆ పాత్ర విలన్‌గా పుట్టే సీన్ ఏది? ఆసుపత్రి. వెన్నుకి అతుక్కుపోయిన ఆ లోహపు చేతుల్ని కోసేద్దామని డాక్టర్లు రంపం పడతారు, చేతులు లేచి గదిలో ఉన్నవాళ్లందరినీ చంపేస్తాయి. గోడల మీద నీడలు, నేలని గోళ్లతో గీరుతూ ఈడ్చుకుపోయే నర్సు, అరుపులు. అదంతా 'ఈవిల్ డెడ్' తీసిన రైమీ పనితనం. అంతసేపూ మీ మోలినా ఏం చేస్తున్నాడు? టేబుల్ మీద బోర్లా పడుకుని స్పృహలో లేడు. సినిమాలో అందరినీ వణికించే సీన్‌లో నటుడు నిద్రపోతున్నాడు స్వామీ.

నల్లకోటు
ఈ పాయింట్ బాగుంది. టీ డబ్బులు వసూలైనట్టే.

రంగస్థలం_రమ
ఇంటర్వెల్_బ్యాంగ్ గారూ, మీరు సీన్‌ని సగంలో ఆపేశారు. ఆ తర్వాత ఆయన లేస్తాడు. చుట్టూ శవాలు. ఏం జరిగిందో అర్థమై, తన వెనక ఆడుతున్న చేతుల్ని చూసి మోకాళ్ల మీద కూలబడి అరుస్తాడు. ఆ అరుపు లేకపోతే అంతకుముందు జరిగింది ఉత్త దెయ్యాల సినిమా. అరిచాకే అది ఒక మనిషికి పట్టిన గతి అయింది.

నేను పరిషత్తు నాటకాల్లో వేసేదాన్ని కాబట్టి నాకు బాగా నచ్చిన చోటు వేరే ఉంది. నది ఒడ్డున పాడుబడ్డ రేవులో ఒంటరిగా కూర్చుని చేతులతో మాట్లాడతాడే, అది. భార్య పోయింది, ప్రయోగం పోయింది, చచ్చిపోదామనుకుంటాడు. చేతులు ఏదో గుసగుసలాడతాయి. మనకి వినపడదు, ఆయనకి వినపడుతుంది. డబ్బు దొంగిలించమని చెబుతున్నాయని ఆయన జవాబుల్ని బట్టి మనకి తెలుస్తుంది. ముందు నేను నేరస్థుణ్ణి కాను అంటాడు. తర్వాత ఓ క్షణం ఆగి, మొదలుపెట్టింది పూర్తి చెయ్యకపోవడమే అసలు నేరం అంటాడు. ఆ రెండు మాటల మధ్య కెమెరా వేరే ఎక్కడికీ పోదు. ఒక మంచివాడు చెడ్డవాడయ్యే దారంతా ఆ మొహం మీదే నడవాలి. ఇంట్లో అద్దం ముందు చేసి చూడండి ఎంత కష్టమో. వింటున్నట్టు నటించడం మాట్లాడ్డం కన్నా కష్టం.

ఫిజిక్స్_మేష్టారు
నటన సంగతి నాకు తెలీదు గానీ, ఆయన ప్రయోగంలో పుట్టిన చిన్న సూర్యుణ్ణి నదిలో ముంచి ఆర్పడం చూసి మా ల్యాబ్ అసిస్టెంట్ కూడా నవ్వాడు.

కాకినాడ_కాజా
మేష్టారు వచ్చేశారు. ఇక ఇంటికెళ్లే యోగం లేదు.

ఫిజిక్స్_మేష్టారు
ఒక్క పోస్టే రాస్తా, భరించండి. సినిమాలో ఆయన వాడేది ట్రిటియం, అంటే హైడ్రోజన్‌లో ఒక బరువైన రకం. భూమ్మీద మొత్తం కలిపి 25 పౌండ్లే ఉందంటాడు. అంటే 11 కిలోల పైచిలుకు. నిజంగా కూడా అది చాలా అరుదైన సరుకే, ఆ మాట వరకు అన్యాయం లేదు. పన్నెండేళ్లు దాటేసరికి ఉన్నదాంట్లో సగం కరిగిపోతుంది కాబట్టి దాచుకోవడం కూడా కష్టమే. మన దేశంలో ఉన్నలాంటి భారజలం వాడే రియాక్టర్లలో పక్కసరుకుగా పుడుతుంది. సినిమా తప్పెక్కడంటే, ఫ్యూజన్ (పరమాణు కేంద్రకాల్ని కలిపి శక్తి పుట్టించడం) అనేది అదుపు తప్పి పెరిగిపోయే మంట కాదు. కోట్ల డిగ్రీల వేడి నిలబడితేనే నడుస్తుంది. చిన్న తేడా వస్తే చల్లారి దానంతటదే ఆగిపోతుంది. నగరాన్ని మింగే గోళం అవ్వడం ఉండదు. ఆక్టోపస్ దాని కోసం నదిలో దూకాల్సిన పనే లేదు, స్విచ్ పక్కన కూర్చుని టీ తాగితే సరిపోయేది.

నల్లకోటు
ఆ టీ నేనే చెప్పాలా?

ఓరుగల్లు_పిల్ల
మేష్టారూ, మా నానమ్మ ఆ సినిమా టీవీలో చూసి "వీడెవడే, కార్తవీర్యార్జునుడి చుట్టంలా ఉన్నాడు" అన్నది. ఆమెకు వెయ్యి చేతులోడితో లేని ఇబ్బంది ఆరు చేతులోడితో ఏముంటది. మీరొక్కరే లెక్కలడుగుతున్నారు.

షికాగో_శీను
రైలు ఫైట్ గురించి ఎవరూ ఎత్తలేదేంటి? కథ న్యూయార్క్‌లో జరుగుతున్నట్టు చూపిస్తారు గానీ మన్‌హాటన్ నడిబొడ్డున రోడ్డు పైన వంతెన మీద నడిచే అలాంటి రైలు లైన్ 1950ల్లోనే పోయింది. ఆ రైలు షాట్లు తీసింది మా షికాగోలో, లూప్ అనే నడిబొడ్డు ప్రాంతం చుట్టూ తిరిగే పట్టాల మీద. ఆఫీసుకి వెళ్లేటప్పుడు ఆ మలుపులు వస్తే ఇప్పటికీ కిటికీలోంచి పైకి చూస్తా. తమాషా ఏంటంటే నల్లకోటు గారి బ్యాట్‌మాన్ సినిమా కూడా చాలా భాగం ఇక్కడే తీశారు. ఆ పెద్ద లారీ నిలువునా తిరగబడేది మా లసాల్ స్ట్రీట్‌లోనే. కాబట్టి ఈ గొడవలో నేను తటస్థుణ్ణి.

ఇంటర్వెల్_బ్యాంగ్
రమ గారి మాట కొంత నిజమే. కానీ స్క్రిప్టు మీద నా ఫిర్యాదు అలాగే ఉంది. ఆయన చెడ్డవాడయ్యింది ఎందుకు? చేతుల్ని ఆయన అదుపులో ఉంచే చిప్ ఒకటి మెడ దగ్గర కాలిపోయింది, చేతులకి బుర్ర వచ్చింది. అంటే తప్పు చిప్‌ది. ఇదేం విలనీ? పైగా పీటర్ పార్కర్‌ని అడిగితే స్పైడర్‌మాన్ ఎక్కడున్నాడో తెలుస్తుందని పీటర్ స్నేహితుడు హ్యారీ చెప్పి పంపిస్తే, ఆ మహానుభావుడు ముందుగా పీటర్ కూర్చున్న హోటల్లోకి కారు విసురుతాడు! పక్కకి దూకాడు కాబట్టి బతికాడు, లేకపోతే అడ్రసు ఎవర్ని అడుగుతాడు?

పులిహోర_ప్రియ
హహహ ఆ కారు సంగతికి ఇరవై ఏళ్లుగా ఎవరి దగ్గరా జవాబు లేదు.

మూడో_వరుస
కారు తప్పే, వదిలేయండి. చిప్ సంగతి మాత్రం మీరు తిరగేసి చూడాలి. చేతులు కొత్త కోరికేదీ ఆయనలో పెట్టలేదు. చిప్ కాలకముందే ఆయన మొండివాడు. ప్రయోగం అదుపు తప్పుతోంది, వస్తువులన్నీ అయస్కాంతానికి లాగినట్టు వెళ్లి పడుతున్నాయి, జనం పారిపోతున్నారు, స్పైడర్‌మాన్ వచ్చి ప్లగ్ పీకమంటున్నాడు. ఈయన మాత్రం సర్దుకుంటుంది, నా అదుపులోనే ఉంది అంటాడు. అప్పటికి చిప్ చక్కగా పనిచేస్తోంది! చేతులు చేసిందల్లా ఆ మొండితనానికి అడ్డు తీసెయ్యడమే. మోలినా ఆ గర్వాన్ని మొదట్నుంచీ పట్టుకుని నడిపాడు కాబట్టే ఆయన తర్వాత బ్యాంకు కొల్లగొట్టినా మనకి కొత్త మనిషిని చూసినట్టు ఉండదు.

రెండో_ఆట
అందరూ మర్చిపోతున్న సీన్ ఒకటుంది. ప్రమాదానికి ముందు పీటర్ వాళ్లింటికి వెళ్లినప్పుడు భార్యాభర్తలు కూర్చోబెట్టి కబుర్లు చెబుతారు. ఆవిడ సాహిత్యం చదువుకుంది, ఈయన సైన్సు. ఆవిడ కోసం టి.ఎస్. ఎలియట్ కవిత్వం నేర్చుకోబోయి తల పట్టుకున్నానంటాడు. కుర్రాణ్ణి ప్రేమ విషయం ఆరా తీస్తాడు. తెలివి మనకి దొరికిన వరం, దాన్ని జనం మంచికి వాడాలి అంటాడు. సూపర్‌హీరో సినిమాలో విలన్ ఇంట్లో ఇంత సేపు ప్రశాంతంగా కూర్చోబెట్టడం అరుదు. ప్రయోగం రోజున కూడా, జనం ముందు నిలబడి ఎవరివైనా రబ్బరుబ్యాండు చుట్టిన నోట్లకట్ట పోయిందా, రబ్బరుబ్యాండు దొరికింది అని కుళ్లుజోకు వేస్తాడు. అది కుళ్లుజోకని ఆయనకీ తెలుసు. మన కాలేజీల్లో ఇలాంటి మేష్టారు ఒకరుండేవారు కదా! అందుకే ఆయన పోతే బాధేస్తుంది.

ఫిజిక్స్_మేష్టారు
నా జోకులు బాగానే ఉంటాయి.

కాకినాడ_కాజా
ఫిడ్లర్ ఆన్ ద రూఫ్ సంగతి ఎవరికైనా తెలుసా? ఆ ఏడాదే మోలినా న్యూయార్క్ నాటకరంగం బ్రాడ్‌వేలో ఆ సంగీత నాటకంలో హీరో టెవ్యా వేశాడు. నాలుగు లోహపు చేతుల్నీ పక్కన పెట్టుకుని ఆ నాటకంలోని పాట పాడుతూ గెంతే వీడియో ఒకటుంది. వెతికి చూడండి, ఆ రోజంతా హుషారుగా ఉంటుంది.

రంగస్థలం_రమ
చూశాను! ఆ చేతుల గురించి ఇంకొంచెం చెప్పాలి. చాలా షాట్లలో అవి కంప్యూటర్‌లో గీసినవి కావు. నిజంగా తయారు చేసి, ఒక్కో చేతినీ బొమ్మలాడించే కళాకారులు ఆడించారు. మోలినా నాలుగింటికీ పేర్లు కూడా పెట్టాడు. ల్యారీ, హ్యారీ, మో, ఫ్లో. ఫ్లోని ఒక మహిళ ఆడించేదట, అందుకని ఆ పేరు. కళ్లద్దాలు తియ్యడంలాంటి నాజూకు పనులు దానివే. మన తోలుబొమ్మలాటలో తెర వెనక నలుగురైదుగురు ఒక్క ఊపిరితో ఆడించినట్టు ఉంటుంది అది. ఒక బొమ్మ తల కాస్త ఆలస్యంగా తిరిగినా ఆట చెడిపోతుంది. మోలినా తల తిప్పి చూస్తే అక్కడ నిజంగానే ఒకటి ఆయన్ని చూస్తోంది. ఎదుటివాడుంటేనే నటుడికి బలం. 2005లో విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ ఈ సినిమాకే వచ్చింది. అందులో ఈ బొమ్మలాటవాళ్లకీ వాటా ఉందని నేననుకుంటా.

నల్లకోటు
సరే, నవ్వులు అయ్యాయి కాబట్టి ఇప్పుడు సీరియస్‌గా రాస్తా. మీరంతా ఆక్టోపస్‌ని మెచ్చుకునేదల్లా ఒకే కారణానికి: జాలి. భార్య పోయింది, కల పోయింది, చివర్లో మారాడు. జాలి పుట్టించడం నటుడికి సులువైన దారి, ఎందుకంటే కథే సగం పని చేసిపెడుతుంది. జోకర్‌కి అదేదీ లేదు. పేరు లేదు, ఊరు లేదు, గతం లేదు. మొహం మీద మచ్చలెలా వచ్చాయో ఒక్కొక్కరికి ఒక్కో కథ చెబుతాడు, ఏదీ నమ్మడానికి లేదు. మొదటి సీన్ నుంచి చివరి సీన్ వరకు పిసరంత కూడా మారడు. రెండున్నర గంటల సినిమాలో కనపడేది అరగంట పైచిలుకే. అయినా లేని సీన్లలో కూడా వాడే ఉన్నట్టుంటుంది. ఆ నడక, ఆ గొంతు, పెదాలు నాలుకతో తడుపుకోవడం, అన్నీ గాల్లోంచి పుట్టించాడు. 2006లో లెడ్జర్‌ని తీసుకున్నారని తెలిసినప్పుడు అభిమానులు ఎంత గోల చేశారో గుర్తుందా? 2008 జనవరిలో ఆయన పోయాడు, జులైలో సినిమా వచ్చింది, మరుసటి ఏడాది ఆస్కార్ వాళ్ల కుటుంబం అందుకుంది. చావు వల్ల వచ్చిన సానుభూతి అని కొందరంటారు. పోలీస్ స్టేషన్‌లో విచారణ సీన్ ఒక్కటి చూసి ఆ మాట అనమనండి.

ఓరుగల్లు_పిల్ల
నల్లకోటన్నా, బాగా రాసినవ్. కానీ "జాలి సులువు" అంటే నేనొప్పుకోను. మన తెలుగోళ్లకి దుర్యోధనుడి మీద జాలి పుట్టియ్యాలంటే ఎన్టీఆర్ అంతటోడు కావాల్సి వచ్చింది. 'దానవీరశూరకర్ణ' దాకా ఆయన్ని సుయోధన సార్వభౌముడని మెచ్చుకున్నోళ్లు ఎందరు? వేరేవాళ్లు చేస్తే ఆ డైలాగులు ఉత్త బడాయి అవుతుండె.

నల్లకోటు
ఎన్టీఆర్‌ని తెచ్చావు, నేను నోరు మూసుకుంటున్నా. ఈ వేదికలో ఆ పేరు వస్తే వాదన గెలిచినట్టే.

మూడో_వరుస
నల్లకోటు గారి పోస్టు మంచిదే, కానీ ఆయన సినిమాలో జోకర్ పని వేరు. అక్కడ విలన్ హీరో నమ్మకాల్ని పరీక్షిస్తాడు, నిజాయితీగల లాయరు హార్వీ డెంట్‌ని విరిచేస్తాడు, తను మాత్రం అలాగే ఉంటాడు. ఇక్కడ విలన్ హీరోకి అద్దం. ఇద్దరూ సైన్సు పిచ్చోళ్లే. ఇద్దరూ తమవాళ్లని పోగొట్టుకున్నారు. పీటర్ సినిమా మధ్యలో డ్రెస్సు చెత్తకుండీలో పడేస్తాడు, తన బతుకు తనకి కావాలని. ఆక్టోపస్ తన కలని పట్టుకుని ఊరిని ముంచడానికైనా సిద్ధపడతాడు. ఒకరు బాధ్యత వదిలేశారు, ఇంకొకరు కల వదల్లేకపోయారు. క్లైమాక్స్‌లో పీటర్ ముసుగు తీసి, ఆయన ఇంట్లో ఆయన చెప్పిన మాటే ఆయనకి తిరిగి అప్పజెబుతాడు. ఆ క్షణంలో మోలినా కళ్లు చూడండి. ముందు ఆశ్చర్యం, ఈ కుర్రాడా అని. తర్వాత సిగ్గు. శిష్యుడి ముందు పడే సిగ్గు. ఆ తర్వాతే చేతుల మీద గద్దిస్తాడు, ఇప్పుడు నా మాట వినండి అన్నట్టు. రాక్షసుడిగా చావనని నదిలోకి వెళ్లిపోతాడు. పీటర్‌గా వేసిన టోబీ మగ్వైర్ కూడా ఆ సీన్‌లో బాగా చేశాడు, ఎదుట అంత నటుడు ఉంటే చేస్తారు మరి.

ఇంటర్వెల్_బ్యాంగ్
ఆ సీన్‌లో మాత్రం నాకూ గొంతు పట్టేస్తుంది. కానీ ఆ డైలాగు రాసింది ఆల్విన్ సార్జెంట్. నా పాయింట్ అక్కడే ఉంది.

రంగస్థలం_రమ
ఉంచుకోండి సార్, ఎవరూ లాక్కోరు :)
నాకూ ఒక ఫిర్యాదుంది. ఆక్టోపస్ భార్య రోజీ పాత్ర వేసిన డోనా మర్ఫీ బ్రాడ్‌వేలో పెద్ద పేరు, రెండు టోనీ అవార్డులున్నాయి. అంత నటిని తెచ్చి ఒక ఇల్లు, ఒక ప్రయోగం, పగిలిన గాజుముక్కలు, అంతే. భర్తకి పిచ్చెక్కడానికి భార్య చావాలి. ఇంకో పక్క పీటర్ ప్రేమించిన మేరీ జేన్‌ని మళ్లీ కట్టేసి క్లైమాక్స్‌కి తీసుకొచ్చారు. ఈ సినిమాలో ఆడవాళ్లలో బాగుపడింది మే పిన్ని ఒక్కతే.

పులిహోర_ప్రియ
గొడుగుతో ఆక్టోపస్‌ని కొట్టింది కదా! రోజ్‌మేరీ హారిస్‌కి జోహార్లు.

కాకినాడ_కాజా
లెక్కల కోసం ఒక మాట. వసూళ్లు చూస్తే ప్రపంచం మొత్తం మీద మొదటి భాగం సుమారు 82 కోట్ల డాలర్లు, రెండోది 79. మూడోది (2007) 89 దాటింది. అంటే మూడింట్లో తక్కువ సంపాదించింది ఇదే. అయినా అమెరికన్ సినిమా విమర్శకుడు రోజర్ ఈబర్ట్ దీనికి నాలుగుకి నాలుగు నక్షత్రాలిచ్చి, 1978 సూపర్‌మాన్ తర్వాత వచ్చిన సూపర్‌హీరో సినిమాల్లో ఇదే మేలైనదన్నాడు. మూడో భాగంలో ముగ్గురు విలన్లని పెట్టారు. ముగ్గురూ కలిసి ఒక్క మోలినా కాలేకపోయారు. రెండో_ఆట వాదనకి ఇదే పెద్ద ఆధారం.

ఇంటర్వెల్_బ్యాంగ్
మూడో దాంట్లో దర్శకుడూ రైమీయే కదా. సరే, ఈ దెబ్బకి నా దగ్గర జవాబు లేదు. శాండ్‌మాన్ ఇసుకలోంచి లేచే షాట్ తప్ప అందులో నాకేమీ గుర్తులేదు.

షికాగో_శీను
2021లో స్పైడర్‌మాన్ సినిమా 'నో వే హోమ్'లో మోలినా మళ్లీ వచ్చాడు, కంప్యూటర్‌లో వయసు తగ్గించి. అప్పటికి దగ్గర్దగ్గర డెబ్బై ఏళ్లు. అప్పుడు చేతులన్నీ కంప్యూటర్‌వే, వీపున బరువు లేదు. రమ గారు చెప్పిన తేడా నాకు అక్కడ కొట్టొచ్చినట్టు కనిపించింది. చేతులు చకచకా కదులుతాయి గానీ వాటితో ఆయన కాపురం చేస్తున్నట్టు ఉండదు. టోబీని చూసి పలకరించే ఒక్క చోట మాత్రం మా హాల్లో మనవాళ్లందరూ విజిల్స్.

ఓరుగల్లు_పిల్ల
ఆ సినిమాల అసలు మార్కులు డఫోకే. ముసుగు పగలగొట్టి పక్కన పడేసిండ్రు, ఇగ చూస్కో. మూడో_వరుస చెప్పిందే రైట్ అని తేలింది.

నల్లకోటు
ఇప్పుడు డఫో థ్రెడ్ ఒకటి మొదలవుతుందా? అక్కడ ఏ పేరెత్తితే జరిమానా?

పులిహోర_ప్రియ
ఒక డౌట్. స్పైడర్‌మాన్ 2.1 అని పొడిగించిన వెర్షన్ ఒకటుందంటున్నారు. అందులో మోలినా సీన్లు ఎక్కువున్నాయా? ఈ వారం చూద్దామని.

రెండో_ఆట
ఓ ఎనిమిది నిమిషాలు కలిపారు. ఆక్టోపస్ కోసమైతే పెద్దగా లాభం లేదు, ఫైట్లు అక్కడక్కడా కొంచెం పెరిగాయి. మామూలుదే చూడండి. కానీ పీటర్ ఫొటోలు కొనే పత్రిక ఎడిటర్ జేమ్సన్ స్పైడర్‌మాన్ డ్రెస్సేసుకుని టేబులెక్కి గెంతేది అందులోనే ఉంది, అది కావాలంటే 2.1.

పులిహోర_ప్రియ
టేబులెక్కి గెంతుతాడా? అయితే 2.1.